పదకొండు నిమిషాల ఊరు

ఉదయగిరికి ఒకటివ్వమ్మా, అన్నాను.
మొదట నోరు తిరగలేదు.
పంతొమ్మిదేళ్ళు ఆ ఊరి పేరు నేను అరిచిందే గానీ
ఒకరిని అడిగింది కాదు.

కండక్టరు పిల్ల కొత్తది.
మిషను మీద వేలు టకటకలాడించి
కాయితం నా చేతిలో పెట్టి వెనక్కి పోయింది.
కిటికీ పక్క సీటు. భుజాన తోలుసంచి లేదు.
కలిగిరి దాటినాక కూడా
నా చెయ్యి పైకడ్డీని వెతుక్కుంటానే ఉంది.

వింజమూరులో ఒక పెద్దాయన
బస్సు ఆగకముందే లేచాడు.
కూచో పెద్దయ్యా, ఆగినాక దిగుదువు,
అనబోయి నాలిక కరుచుకున్నాను.
ఇంకొకరి బండి ఇది.

ఈ ఊరు నాకు పదకొండు నిమిషాలు.
అంతకు మించి ఎప్పుడూ లేదు.
కంట్రోలరు సంతకానికి రెండు,
గాజుగ్లాసులో టీకి మూడు,
గొళ్ళెం లేని మరుగుదొడ్డి ముందు
ఎవరో ఒకరిని కాపలా నిలబెట్టుకోడానికి నాలుగు,
మిగిలిన రెండిట్లో తలెత్తితే
కొండ.
కొండ మీద గోడ.
గోడ మీద ఎండ.
రైట్ రైట్.

ఏడాదిన్నర రాయలవారి సేన
ఈ కొండ కింద గుడారాలేసుకుని కాచుకున్నదంట.
డ్రైవరు జిలానీ చెప్పేవాడు, టీ ఊదుకుంటా.
ఏడాదిన్నర ఏ మూలకు జిలానీ,
నేను పంతొమ్మిదేళ్ళుగా కాచుకోనున్నా
ఒక్క మెట్టూ గెలవలేదు, అనేదాన్ని.
నవ్వితే ఆయన మీసానికి టీ అంటేది.
రిటైరైనాక ఎక్కుదాంలే అక్కా, అన్నాడు.
స్టేజీ రాకముందే దిగిపోయాడు.

మోకాళ్ళు ఎన్ని ఒప్పుకుంటే అన్ని మెట్లు.
ఎనభై దాకా లెక్కబెట్టాను,
తలలు లెక్కబెట్టిన అలవాటు కదా.
ఆ తర్వాత తప్పింది. తప్పనిచ్చాను.
లెక్క తేలకపోతే జీతంలో కోసేవాళ్ళెవరూ లేరిక్కడ.

కూలిన బురుజు నీడన కూచుంటే
గోడ సందులో తొండ ఒకటి
టికెట్టు అడిగినట్టు తలాడించింది.
కింద పెద్దమసీదు, రంగనాయకుల గుడి,
రెండిటి మధ్యా మిద్దెల మీద ఆరేసిన చీరలు.
ఇన్ని వీధులున్నాయా ఈ ఊరికి!
బస్టాండు ఇంత చిన్నదా!
అగ్గిపెట్టంత బస్సొకటి వచ్చి ఆగింది.
గడియారం చూసుకున్నాను.
పదమూడు నిమిషాలకు కదిలింది.
రెండు నిమిషాలు లేటు,
ఎవరు అడుగుతారో ఆ పిల్లని, పాపం.
అది నన్ను వదిలి పోతుంటే చూడటం
ఇదే మొదటిసారి.

దిగొచ్చి చిన్నమసీదు సందులో
చెక్కగరిటెలు చేసే ఇంటి ముందు ఆగాను.
నర్దికర్ర చెక్కుతా ఉంది ఒకామె, ఒళ్ళంతా పొట్టు.
ఎంతమ్మా, అన్నానో లేదో
మొహం చూడకుండానే ఉలి ఆపింది.
"బస్సామెవి కదా నువ్వు?
కావలికి పోతుంటే స్పూన్ల మూటకి
లగేజీ కొట్టినావు. మా వదిన బతిమాలినా వినలా."
ఔనన్నాను.
చెకింగు వాళ్ళున్నారు ఆరోజు, అని చెప్పొచ్చు.
ఉన్నారో లేదో నాకే గుర్తు లేదు.

"మూడు రూపాయలు టికెట్టు వెనక రాసినావు.
దిగేటప్పుడు ఇస్తానన్నావు."

ఎంతమందికి రాశానో అట్టా.
మూడు, ఏడు, రెండున్నర.
బాల్‌పెన్ను అప్పులు,
చొక్కాజేబుల్లో, కొంగుముళ్ళలో
ఉతుకుల్లో కరిగిపోయినవి.
ఎవరూ ఇల్లు వెతుక్కుంటా రాలేదు.
ఈమె ఒక్కతే
ఇంటిముందుకి నేనొచ్చేదాకా కూచోనుంది.

పప్పుగరిటె ఎనభై. వంద ఇచ్చాను.
పెట్టె వెతికింది, డబ్బా వెతికింది,
"చిల్లర లేదే" అంది.
అనేసి, నా మొహం చూసి, పకపకా నవ్వింది.
కర్రకి గీతలు పెట్టే పెన్సిలు
చెవి మీద నించి తీసి
గరిటె వెనక రాసింది: 17.
"మీ మూడు పోను. ఈసారి వచ్చినప్పుడు తీసుకో."

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది.
పప్పు ఇంకా స్టీలు గరిటెతోనే కలుపుతున్నా.